సెమాఫోరా, మ్యూటెక్సా, ఫైల్ లాకా: పట్టుకున్నవాడు మధ్యలో చస్తే ఏమవుతుందో చూసి ఎంచుకోండి

కొన్నేళ్ల కిందట నేను సీ భాషలో రాసిన ఒక బ్యాచ్ ప్రోగ్రామ్ నెలాఖరు రాత్రి ఆగిపోయింది. క్రాష్ కాలేదు. ఎర్రర్ లేదు. లాగ్‌లో చివరి లైను కూడా రోజూ కనిపించేదే. బిల్లుల్ని పీడీఎఫ్‌లుగా మార్చే పని అది. ఒక్కో బిల్లుకు మెమరీ బాగా తింటుంది కాబట్టి ఒకేసారి నాలుగు ప్రాసెస్‌లకు మించి ఆ పనిలోకి దిగకూడదని 4 విలువతో ఒక పేరున్న సెమాఫోర్ (ఇంకా ఎందరు లోపలికి రావచ్చో లెక్క ఉంచే కౌంటరు) పెట్టాను. పొద్దున ఫోన్ వచ్చాక చూస్తే ప్రాసెస్‌లన్నీ వరసగా నిద్రపోతున్నాయి, సీపీయూ ఖాళీ. సెమాఫోర్ విలువ సున్నా. అంటే నలుగురు లోపల ఉన్నట్టు లెక్క. తీరా చూస్తే లోపల ఒక్కరూ లేరు.

జరిగింది ఇదీ. మెమరీ చాలక లైనక్స్ కెర్నల్ ఒక్కో ప్రాసెస్‌నూ చంపుకుంటూ పోయింది. చచ్చిన ప్రతి ప్రాసెస్ తన వంతు లెక్కను వెంట తీసుకుపోయింది. నాలుగోది పోయేసరికి గేటు పూర్తిగా మూసుకుంది. ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ నడిపినా లాభం లేదు, ఎందుకంటే పేరున్న సెమాఫోర్ ప్రోగ్రామ్‌తో పాటు పోదు. సర్వర్ రీబూట్ చేశాక గానీ పని కదల్లేదు. ఆ ఒక్క సెమాఫోర్‌ను తీసేస్తే సరిపోయేదని అప్పటికి నాకు తెలియదు.

కోడ్‌లో తప్పు వెతికితే దొరకలేదు. తీసుకోవడం, వదలడం రెండూ సరైన చోటే ఉన్నాయి. తప్పల్లా ఎంపికలో ఉంది. పుస్తకాలు సెమాఫోర్‌కూ మ్యూటెక్స్‌కూ (ఒక్కరినే లోపలికి రానిచ్చే లాక్) తేడా చెప్పేటప్పుడు 'ఒక్కరా, చాలామందా' దగ్గర ఆగిపోతాయి. ఆ తేడా నిజమే గానీ, రాత్రి నిద్ర చెడగొట్టే తేడా వేరే ఉంది. ఈ వ్యాసమంతా దాని చుట్టూ తిరుగుతుంది.

## ముందు మీ పనిని అడగాల్సిన ప్రశ్నలు

ఎవరెవరి మధ్య? ఒకే ప్రాసెస్‌లోని థ్రెడ్ల మధ్యా, వేర్వేరు ప్రాసెస్‌ల మధ్యా, వేర్వేరు మెషీన్ల మధ్యా? సగం ఎంపికలు ఈ ఒక్క ప్రశ్నతోనే పక్కకు పోతాయి. జావాలోని సెమాఫోర్ ఎంత బాగున్నా ఆ ఒక్క జేవీఎమ్ (జావా ప్రోగ్రామ్‌ను నడిపే ప్రాసెస్) గోడ దాటి బయటికి రాదు. అదే యాప్ రెండు సర్వర్లలో నడుస్తుంటే, మీరు 10 అని పెట్టిన పరిమితి నిజానికి 20.

ఒక్కరా, కొందరా? ఒక లిస్టునో ఫైలునో పాడుకాకుండా కాపాడాలంటే లోపల ఒక్కరే ఉండాలి. పది డేటాబేస్ కనెక్షన్లు ఉంటే లోపల పదిమంది ఉండొచ్చు.

తీసుకున్నవాళ్లే వదులుతారా? ఒక థ్రెడ్ డేటా తయారుచేసి 'వచ్చింది, తీసుకో' అని ఇంకో థ్రెడ్‌కు చెప్పాలంటే, ఎదురుచూసేది ఒకరు, లేపేది ఇంకొకరు. ఆ పనికి మ్యూటెక్స్ పనికిరాదు.

ఎదురుచూసేది అంకె కోసమా, షరతు కోసమా? 'ఖాళీ ఉంటే చాలు' అనేది అంకె. 'క్యూలో ఏదైనా ఉండాలి, లేదా ఇక పని అయిపోయిందని ఎవరైనా చెప్పాలి' అనేది షరతు.

పట్టుకున్నవాడు మధ్యలో చస్తే? దీన్ని చివర్లో రాశాను గానీ, ప్రాసెస్‌ల మధ్య పనైతే మొదట అడగాల్సింది ఇదే. ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కమాండ్ కొట్టినా, మెమరీ చాలక కెర్నల్ చంపినా మీ కోడ్‌లో శుభ్రం చేసే ఒక్క లైను కూడా నడవదు. అప్పుడు పట్టుకున్నదాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?

వేగాన్ని ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. లైనక్స్‌లో మ్యూటెక్స్ అయినా పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) సెమాఫోర్ అయినా పోటీ లేనప్పుడు కెర్నల్ దాకా వెళ్లవు, మధ్యలో ఇంకెవరూ దూరలేని ఒక అటామిక్ ఆపరేషన్‌తో పని అయిపోతుంది. ఎదురుచూడాల్సి వచ్చినప్పుడే ఫ్యూటెక్స్ అనే సిస్టమ్ కాల్ ద్వారా కెర్నల్‌ను పిలుస్తాయి. పాత యూనిక్స్ నుంచి వచ్చిన సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్లూ ఫైల్ లాక్‌లూ ప్రతిసారీ కెర్నల్‌లోకి వెళ్తాయి కాబట్టి వాటికన్నా నెమ్మదే. కానీ ఒక్కో పీడీఎఫ్‌కు రెండు సెకన్లు పట్టే చోట ఆ తేడాను లెక్కపెట్టి ప్రయోజనం లేదు.

## సెమాఫోర్ అంటే భోజనాల బంతి, మ్యూటెక్స్ అంటే గడియ

సెమాఫోర్‌ను 1960ల మొదట్లో నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ప్రవేశపెట్టారు. పేరు రైల్వే నుంచి వచ్చింది: పట్టాల పక్కన చెయ్యి లేపి దించే పాత సిగ్నల్ స్తంభాన్ని సెమాఫోర్ అంటారు. ఆయన తన రెండు ఆపరేషన్లకు పి, వి అని పేర్లు పెట్టారు. అవి డచ్ మాటల పొడి అక్షరాలు. ఇంగ్లీషులో వాటికి విస్తరణ వెతుక్కుంటూ కూర్చున్న విద్యార్థులు ఇప్పటికీ కనిపిస్తారు. ఇప్పటి లైబ్రరీల్లో వాటినే వెయిట్, పోస్ట్ అనో, ఎక్వైర్, రిలీజ్ అనో అంటున్నారు.

లోపల ఉండేది ఒక్క అంకె. వెయిట్ అంటే అంకె సున్నా కన్నా ఎక్కువ ఉంటే ఒకటి తగ్గించి ముందుకు పో, సున్నా అయితే ఆగు. పోస్ట్ అంటే ఒకటి పెంచు, ఎవరైనా ఆగి ఉంటే లేపు.

పెళ్లి భోజనాల దగ్గర బంతి ఇలాగే నడుస్తుంది. యాభై విస్తళ్లు వేశారు, యాభై మంది కూర్చున్నారు, మిగతావాళ్లు వెనక నిలబడ్డారు. ఒకరు లేస్తే ఒకరు కూర్చుంటారు. లేచింది ఎవరని ఎవరూ అడగరు, ఒక కుర్చీ ఖాళీ అయిందంటే చాలు. సెమాఫోర్‌కు కూడా అంతే, లెక్క తెలుసు గానీ మనుషులు తెలియదు. వెయిట్ చేయని థ్రెడ్ వచ్చి పోస్ట్ చేసినా అభ్యంతరం చెప్పదు.

మ్యూటెక్స్ బాత్రూమ్ తలుపుకు లోపలి గడియ లాంటిది. పెట్టుకున్నవాడే తీయాలి. ఎవరు పెట్టుకున్నారో కూడా తెలుసు, ఎందుకంటే తక్కిన ఇంట్లోవాళ్లంతా బయటే ఉన్నారు. ఇంటర్వ్యూల్లో 'బైనరీ సెమాఫోర్‌కూ మ్యూటెక్స్‌కూ తేడా ఏమిటి' అని అడిగితే చెప్పాల్సిన ఒక్క మాట ఇదే: మ్యూటెక్స్‌కు యజమాని ఉంటాడు. మిగతా తేడాలన్నీ దాని నుంచే పుడతాయి.

## ఒక్క చూపులో

కొత్త పేర్లు కనిపిస్తే కంగారు వద్దు, వాటి సంగతి కింద వస్తుంది.

| సాధనం | ఎక్కడ | లోపల ఎందరు | ఎవరు వదలాలి | పట్టుకున్న ప్రాసెస్ చస్తే |
|---|---|---|---|---|
| మామూలు మ్యూటెక్స్ | ఒకే ప్రాసెస్ థ్రెడ్లు | 1 | పట్టుకున్న థ్రెడ్ | లాకూ దానితోనే పోతుంది |
| భాషలో ఉండే సెమాఫోర్ | ఒకే ప్రాసెస్ థ్రెడ్లు | మీరు పెట్టినంత | ఎవరైనా | దానితోనే పోతుంది |
| కండిషన్ వేరియబుల్ (షరతు కోసం థ్రెడ్‌ను ఆపి ఉంచేది) | ఎక్కువగా ఒకే ప్రాసెస్ | షరతును బట్టి | ఎవరైనా లేపొచ్చు | దానితోనే పోతుంది |
| పేరున్న పోసిక్స్ సెమాఫోర్ | ఒకే మెషీన్ ప్రాసెస్‌లు | మీరు పెట్టినంత | ఎవరైనా | లెక్క తిరిగి రాదు |
| సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్, అన్‌డూతో | ఒకే మెషీన్ ప్రాసెస్‌లు | మీరు పెట్టినంత | ఎవరైనా | కెర్నల్ తిరిగి ఇస్తుంది |
| రోబస్ట్ మ్యూటెక్స్, షేర్డ్ మెమరీలో (ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ) | ఒకే మెషీన్ ప్రాసెస్‌లు | 1 | పట్టుకున్న థ్రెడ్ | తర్వాతివాడికి చెప్పి మరీ ఇస్తుంది |
| ఫైల్ లాక్ | ఒకే మెషీన్ ప్రాసెస్‌లు | 1, ఫైళ్లు పెంచితే ఎక్కువ | పట్టుకున్నవాడు | కెర్నల్ వదిలిస్తుంది |

పై మూడు వరసల్లో చివరి గడి చూసి ధైర్యం తెచ్చుకోకండి. ప్రాసెస్ చస్తే పరవాలేదు. థ్రెడ్ ఒక్కటే ఎక్సెప్షన్‌తో బయటపడి, వదలడం మరిచిందంటే అక్కడా ఇదే కథ.

## ఒకే ప్రాసెస్ లోపలైతే

డేటాను కాపాడటమే పనైతే మ్యూటెక్స్ తీసుకోండి, ఇంక ఆలోచించకండి. 1 విలువతో సెమాఫోర్ పెట్టినా పని జరుగుతుంది, నిజమే. లైనక్స్ కెర్నల్ డెవలపర్లు కూడా ఏళ్ల తరబడి అలాగే చేశారు. కెర్నల్‌లో ఉన్న సెమాఫోర్లలో చాలావరకు మ్యూటెక్స్ పనే చేస్తున్నాయని చూసి, 2006లో వచ్చిన 2.6.16 వెర్షన్‌లో ఇంగో మోల్నార్ ప్రత్యేకంగా మ్యూటెక్స్ తెచ్చారు. వదిలేది యజమానేనా అని తనిఖీ చేయడం, తప్పుగా వాడితే డీబగ్ మోడ్‌లో పట్టివ్వడం లాంటివి యజమాని ఉన్నప్పుడే కుదురుతాయి.

యజమాని తెలియడం వల్ల ఇంకో పెద్ద లాభం ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్, అంటే ముఖ్యమైన పని ఎదురుచూస్తుంటే లాక్ పట్టుకున్న పనికి ఆ ప్రాధాన్యాన్ని కాసేపు ఇవ్వడం. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ కొన్నాళ్లకే తనంతట తాను రీసెట్ కావడం మొదలుపెట్టింది. వాతావరణ సమాచారం చూసే తక్కువ ప్రాధాన్యం పని ఒక మ్యూటెక్స్ పట్టుకుని ఉంది. దాని కోసం అత్యంత ముఖ్యమైన బస్ (లోపలి భాగాల మధ్య డేటా నడిచే దారి) నిర్వహణ పని ఆగింది. ఈలోగా మధ్య ప్రాధాన్యం ఉన్న కమ్యూనికేషన్ పని సీపీయూను తీసుకుని, చిన్నపనికి వదిలే అవకాశమే ఇవ్వలేదు. ముఖ్యమైన పని సమయానికి పూర్తికాలేదని, పనులు ఆగిపోయాయా అని కాపలా కాసే వాచ్‌డాగ్ సిస్టమ్‌ను రీసెట్ చేసేది. భూమి మీద నుంచే ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేశారు, సమస్య పోయింది. పట్టుకున్నది ఎవరో తెలుసు కాబట్టే దాని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా పెంచగలిగారు. బంతిలో కూర్చున్న యాభై మందిలో ఎవరిని తొందరపెట్టాలో సెమాఫోర్‌కు ఎలా తెలుస్తుంది?

ఇక సెమాఫోర్‌కు అచ్చంగా సరిపోయే పని పరిమితి పెట్టడం. బయటి సర్వీస్‌కు ఒకేసారి 20 కాల్స్ మించకూడదు, డిస్క్ మీద ఒకేసారి 3 పెద్ద ఫైళ్లు మించకూడదు, ఇలాంటివి. జావాలో 2004 నాటి 5వ వెర్షన్ నుంచే సెమాఫోర్ ఉంది. సీ ప్లస్ ప్లస్‌కు మాత్రం 20 ప్రమాణం దాకా ఆగాల్సి వచ్చింది, 11లో మ్యూటెక్స్, కండిషన్ వేరియబుల్ మాత్రమే ఇచ్చారు. జావా 21లో వర్చువల్ థ్రెడ్లు (చాలా తేలికపాటి థ్రెడ్లు) వచ్చాక సెమాఫోర్‌కు కొత్త గిరాకీ వచ్చింది. అంతకుముందు థ్రెడ్ పూల్ సైజే పరిమితిగా పనిచేసేది. వర్చువల్ థ్రెడ్లను పూల్‌లో పెట్టవద్దని, పరిమితి కావాలంటే సెమాఫోర్ వాడమని ఒరాకిల్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

ఒక హెచ్చరిక. 4 విలువ ఉన్న సెమాఫోర్ లోపల ఉన్న లిస్టును కాపాడదు. నాలుగు థ్రెడ్లు ఒకేసారి లోపలే ఉన్నాయి కదా! పరిమితికి సెమాఫోర్, డేటాకు మ్యూటెక్స్, రెండూ కావాల్సి రావచ్చు. కోడ్ రివ్యూల్లో నేను ఎక్కువసార్లు పట్టుకున్న తప్పు ఇది.

రెండో స్థానం ఈ జావా తప్పుది. ఎక్వైర్‌ను ట్రై లోపల రాసి, రిలీజ్‌ను ఫైనల్లీలో పెడతారు. చూడటానికి పద్ధతిగా ఉంటుంది. కానీ ఎదురుచూస్తుండగా థ్రెడ్‌ను ఎవరైనా ఇంటరప్ట్ చేస్తే ఎక్వైర్ జరగకుండానే ఎక్సెప్షన్ వస్తుంది, ఫైనల్లీ మాత్రం నడుస్తుంది. తీసుకోనిదాన్ని తిరిగి ఇచ్చారు, విస్తళ్లు యాభై ఒకటయ్యాయి. ఎక్వైర్ ట్రైకి పైన ఉండాలి. పైథాన్‌లో విత్ వాడితే ఈ గొడవ లేదు. అదీకాక అక్కడ బౌండెడ్ సెమాఫోర్ అని ఇంకొకటి ఉంది, మొదటి విలువను దాటి రిలీజ్ చేస్తే వెంటనే వ్యాల్యూ ఎర్రర్ ఇస్తుంది. పరిమితి కోసమైతే ఎప్పుడూ అదే వాడండి.

## సెమాఫోరా, కండిషన్ వేరియబులా?

ఉత్పత్తిదారు, వినియోగదారు సమస్య అందరికీ తెలిసిందే. పది గదుల బఫర్. ఒకరు నింపుతారు, ఒకరు తీస్తారు. సెమాఫోర్లతో రాస్తే 'ఖాళీలు' 10తో మొదలవుతుంది, 'నిండినవి' 0తో. బఫర్‌ను ముట్టుకోవడానికి ఒక మ్యూటెక్స్. నింపేవాడు ఖాళీల కోసం ఆగి, మ్యూటెక్స్ తీసుకుని, పెట్టి, మ్యూటెక్స్ వదిలి, నిండినవి పెంచుతాడు.

పరీక్షలో మార్కులు పోయేదీ, ఉద్యోగంలో పరువు పోయేదీ వరస మార్చినప్పుడు. మ్యూటెక్స్ ముందు తీసుకుని, తర్వాత ఖాళీల కోసం ఆగితే, బఫర్ నిండిన రోజున నింపేవాడు మ్యూటెక్స్ చేతిలో పట్టుకుని నిద్రపోతాడు. తీసేవాడికి లోపలికి వచ్చే దారి లేదు. ఒకరి కోసం ఒకరు కాపు కాస్తారు, దీన్నే డెడ్‌లాక్ అంటారు. బఫర్ సాధారణంగా నిండదు కాబట్టి ఈ తప్పు టెస్టింగ్‌లో దొరకదు, లోడ్ పెరిగిన రోజునే బయటపడుతుంది.

సెమాఫోర్‌కు జ్ఞాపకం ఉంటుంది, ఎవరూ ఆగి లేనప్పుడు పోస్ట్ చేసినా ఆ ఒకటి అంకెలో నిలిచి ఉంటుంది. కండిషన్ వేరియబుల్‌కు అది లేదు. ఎవరూ వినని సమయంలో సిగ్నల్ ఇస్తే గాలిలో కలిసిపోతుంది. పైగా ఎవరూ లేపకుండానే థ్రెడ్ లేవడానికి కూడా ప్రమాణాలు అనుమతిస్తాయి. అందుకే దాన్ని ఎప్పుడూ మ్యూటెక్స్‌తో జతగా, ఇఫ్ బదులు వైల్ లూప్‌లో షరతును మళ్లీ మళ్లీ చూసుకుంటూ వాడాలి. ఇంత తతంగం ఎందుకంటే, షరతు ఏదైనా కావచ్చు కాబట్టి. 'క్యూలో ఏదైనా ఉంది, లేదా షట్‌డౌన్ చెప్పారు' అనేది రెండు మాటల్లో రాయొచ్చు. సెమాఫోర్‌తో అదే రాయబోతే, షట్‌డౌన్ సమయంలో ఎంతమంది వినియోగదారులు ఆగి ఉన్నారో అన్నిసార్లు పోస్ట్ చేసి, లేచిన ప్రతివాడూ 'పని వచ్చి లేచానా, పొమ్మంటే లేచానా' అని చూసుకోవాలి.

నా మాట అడిగితే రెండూ వద్దు. జావాలో బ్లాకింగ్ క్యూ, పైథాన్‌లో క్యూ మాడ్యూల్ ఉన్నాయి. నేర్చుకోవడానికి ఒకసారి చేత్తో రాయండి, జీతం తీసుకునే చోట లైబ్రరీది వాడండి.

ఒక మినహాయింపు ఉంది. యూనిక్స్ సిగ్నల్ హ్యాండ్లర్ లోపల నుంచి ఇంకో థ్రెడ్‌ను లేపాలంటే సెమ్ పోస్ట్ పిలవొచ్చని పోసిక్స్ హామీ ఇస్తుంది. మ్యూటెక్స్‌కూ కండిషన్ వేరియబుల్‌కూ ఆ హామీ లేదు.

## వేర్వేరు ప్రాసెస్‌లైతే: అసలు ఎంపిక ఇక్కడే

పేరున్న పోసిక్స్ సెమాఫోర్. వాడటం అన్నిటికన్నా తేలిక. ఒక పేరు చెప్పి తెరిస్తే చాలు, సంబంధం లేని రెండు ప్రోగ్రామ్‌లు కూడా కలుసుకుంటాయి. సృష్టించేటప్పుడే మొదటి విలువ ఇవ్వొచ్చు. కానీ పట్టుకున్న ప్రాసెస్ చస్తే లెక్క పోతుంది, అన్‌లింక్ చేసేదాకా (అంటే ఆ పేరును తీసేసేదాకా) లేదా రీబూట్ దాకా సెమాఫోర్ అలాగే ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడే నా నెలాఖరు రాత్రి పాడైంది. లైనక్స్‌లో ఇవి డెవ్ ఫోల్డర్ కింద షేర్డ్ మెమరీ ఫోల్డర్‌లో 'సెమ్' అనే ముందుమాటతో మామూలు ఫైళ్లలా కనిపిస్తాయి. అప్పుడే అక్కడ ఎల్‌ఎస్ కమాండ్ కొట్టి చూసి ఉంటే రీబూట్ దాకా పోయేది కాదు.

మరి ఇది ఎప్పుడు మంచిది? పట్టుకునేది, వదిలేది వేర్వేరు ప్రాసెస్‌లైనప్పుడు. అంటే తాళంలా కాకుండా కబురులా వాడినప్పుడు. అలాగే ఏ ఒక్కటి చచ్చినా మొత్తం గుంపును ఆపి కొత్తగా మొదలుపెట్టే డిజైన్ ఉన్నప్పుడు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అలాంటిదే. దాని 10వ వెర్షన్ నుంచి లైనక్స్‌లో పేరు లేని పోసిక్స్ సెమాఫోర్లను షేర్డ్ మెమరీలో పెట్టి వాడుతోంది. ఒక్క బ్యాకెండ్ ప్రాసెస్ క్రాష్ అయితే చాలు, మిగతా బ్యాకెండ్‌లనూ ఆపేసి, షేర్డ్ మెమరీని మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకుంటుంది. చచ్చినవాడు ఏం పాడుచేసి పోయాడో నమ్మలేం అన్నది వాళ్ల లెక్క. అంత కఠినంగా ఉండగలిగితే లెక్క పోయిందన్న బెంగే లేదు.

సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్. పాతది, ఇంటర్‌ఫేస్ చూస్తే చిరాకు వస్తుంది. సెట్లు సెట్లుగా వస్తాయి, కీ అనే సంఖ్యలతో తెరవాలి, సృష్టించడం ఒక కాల్, విలువ పెట్టడం ఇంకో కాల్, ఆ రెండింటి మధ్య సందులో ఇంకో ప్రాసెస్ దూరొచ్చు. అయినా ఇది ఇంకా బతికి ఉండటానికి కారణాలు ఉన్నాయి. ఒకటి, ఒకే కాల్‌లో రెండు మూడు సెమాఫోర్లను కలిపి, దొరికితే అన్నీ లేకపోతే ఏదీ వద్దు అన్నట్టు తీసుకోవచ్చు. రెండోది అన్‌డూ జెండా. అది పెడితే ప్రాసెస్ ఎంత తీసుకుందో కెర్నల్ రాసుకుంటుంది, ప్రాసెస్ ఎలా చచ్చినా తిరిగి కలుపుతుంది. నా సమస్యకు ఇదొక్కటీ చాలు.

అన్‌డూను గుడ్డిగా పెట్టకూడదు మరి. ఉత్పత్తిదారు 'నిండినవి' పెంచుతూ అన్‌డూ పెడితే, తన పని సక్రమంగా ముగించుకుని బయటికి వెళ్లినప్పుడు కూడా కెర్నల్ ఆ పెంపును వెనక్కి తీసేస్తుంది. బఫర్‌లో సరుకు ఉంటుంది, లెక్కలో ఉండదు. పరిమితికి అన్‌డూ వరం, కబురుకు శాపం.

సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీస్‌లను నడిపే ప్రోగ్రామ్) ఉన్న మెషీన్లలో ఇంకో మెలిక ఉంది. రిమూవ్ ఐపీసీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మామూలు యూజర్ పూర్తిగా లాగవుట్ కాగానే అతని పేరు మీద ఉన్న సెమాఫోర్లూ షేర్డ్ మెమరీ తుడిచిపెట్టుకుపోతాయి. నడుస్తున్న సర్వీస్‌కు కాళ్ల కింద చాప లాగినట్టే. సర్వీస్‌ను సిస్టమ్ యూజర్ కింద నడపండి.

రోబస్ట్ మ్యూటెక్స్. షేర్డ్ మెమరీలో ఉన్న డేటాను పలు ప్రాసెస్‌లు మారుస్తుంటే నా ఓటు దీనికే. మ్యూటెక్స్‌ను 'ప్రాసెస్ షేర్డ్', 'రోబస్ట్' అనే రెండు లక్షణాలతో సిద్ధం చేయాలి. పట్టుకున్నవాడు చస్తే తర్వాత తీసుకున్నవాడికి లాక్ దొరుకుతుంది, దాంతోపాటు 'యజమాని చచ్చాడు' అన్న ఎర్రర్ కోడ్ కూడా వస్తుంది. గడియ పెట్టుకున్నవాడు లోపల పడిపోతే తలుపు పగలగొట్టి, ముందు లోపల సంగతి చూసుకో అని చెప్పినట్టు. మీరు డేటాను సరిచేసి 'కన్సిస్టెంట్' అని ప్రకటించాలి. ప్రకటించకుండా వదిలితే ఆ మ్యూటెక్స్ ఇక ఎవరికీ పనికిరాదు.

అన్‌డూకూ దీనికీ ఉన్న తేడాను గమనించండి. అన్‌డూ నిశ్శబ్దంగా లెక్క సరిచేస్తుంది, సగం రాసిన డేటా గురించి నోరెత్తదు. రోబస్ట్ మ్యూటెక్స్ పని ఎక్కువ పెడుతుంది గానీ నిజం చెబుతుంది. లోపల డేటా ఉంటే రెండోది, ఉత్త పరిమితైతే మొదటిది.

ఫైల్ లాక్. ఎఫ్‌లాక్ అనే పాత సిస్టమ్ కాల్. ఒక ఖాళీ ఫైలు తెరిచి లాక్ వేయడమే. ప్రాసెస్ చస్తే దాని ఫైళ్లన్నీ కెర్నల్ మూసేస్తుంది, లాక్ దానంతట అదే ఊడిపోతుంది. షెల్ స్క్రిప్టులో కూడా వాడొచ్చు, వేళకు దానంతట అదే నడిచే క్రాన్ జాబ్ ఒకదాని మీద ఒకటి పడకుండా ఆపడానికి ఇంతకన్నా తేలిక మార్గం నాకు తెలియదు. నలుగురికి అనుమతి కావాలంటే నాలుగు ఫైళ్లు పెట్టి, ఏది ఖాళీగా ఉంటే అది పట్టుకోవడం. అన్నీ నిండి ఉంటే కాసేపు నిద్రపోయి మళ్లీ చూడాలి, కాబట్టి ముందు వచ్చినవాడికి ముందు అన్న హామీ ఉండదు. పని అయ్యాక ఆ ఫైళ్లను డిలీట్ చేయకండి. ఒకడు పాత ఫైలు మీద, ఇంకొకడు అదే పేరుతో పుట్టిన కొత్త ఫైలు మీద లాక్ వేసుకుని ఇద్దరూ తామే గెలిచామనుకుంటారు.

ఎఫ్‌లాక్ బదులు ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాక్ వాడబోతే ఒక్క మాట: అదే ఫైలును మీ ప్రాసెస్‌లో ఇంకెక్కడైనా, ఏదో లైబ్రరీ లోపలైనా సరే, తెరిచి మూస్తే మీ లాక్ చెప్పకుండా పోతుంది. నెట్‌వర్క్ ఫోల్డర్ మీద ఏ ఫైల్ లాక్‌నైనా పరీక్షించకుండా నమ్మకండి.

పైపులో టోకెన్లు. ఇది సెమాఫోర్ అని పేరు లేని సెమాఫోర్. ప్రోగ్రామ్‌లను బిల్డ్ చేసే జీఎన్‌యూ మేక్‌కు సమాంతరంగా 8 పనులు చేయమని చెబితే అది ఒక పైపులో 7 బైట్లు వేస్తుంది. లోపల పుట్టే ఉప మేక్‌లు అదనపు పని మొదలుపెట్టే ముందు ఒక బైట్ చదవాలి, అయ్యాక తిరిగి రాయాలి. బైట్ లేకపోతే చదవడం దానంతట అదే ఆగుతుంది. విండోస్‌లో మాత్రం అదే మేక్ పేరున్న సెమాఫోర్ వాడుతుంది. మధ్యలో ఒకటి చస్తే ఇక్కడా టోకెన్ పోతుంది. కానీ బిల్డ్ అయిపోగానే పైపూ పోతుంది, తర్వాతి బిల్డ్ కొత్త టోకెన్లతో మొదలవుతుంది. నా సెమాఫోర్‌కు లేనిది ఈ ఆయుష్షు పరిమితే.

విండోస్ సంగతి క్లుప్తంగా: అక్కడ పేరున్న సెమాఫోర్ చివరి హ్యాండిల్ మూసుకోగానే పోతుంది, కాబట్టి శవాలు మిగలవు. కానీ మిగతా ప్రాసెస్‌లు నడుస్తుండగా ఒకటి చస్తే దాని లెక్క తిరిగి రాదు. మ్యూటెక్స్ అయితే 'వదిలేసి పోయారు' అన్న ఫలితంతో తర్వాతివాడికి వస్తుంది.

మెషీన్లు వేరైతే పైవేవీ పనికిరావు. గడువు తీరగానే దానంతట అదే ఊడిపోయే లాక్, డేటాబేస్‌లోనో అలాంటి మరోచోటో, కావాలి.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుతున్నవాళ్లు బఫర్ సమస్యను మూడు సెమాఫోర్లతో (మ్యూటెక్స్ బదులు 1 విలువతో మూడోది) రాసి, వరస తారుమారు చేసి, డెడ్‌లాక్‌ను కళ్లారా చూడండి. మ్యాక్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అందులో పేరు లేని పోసిక్స్ సెమాఫోర్ పనిచేయదు, దాన్ని సిద్ధం చేసే సెమ్ ఇనిట్ కాల్ ఎర్రర్‌తో తిరిగి వస్తుంది. రిటర్న్ విలువ చూడకపోతే ప్రోగ్రామ్ నడిచినట్టే ఉంటుంది, తాళం మాత్రం ఉండదు. లైనక్స్‌లో నడిపిన కోడ్ ఇక్కడ ఎందుకు తప్పు జవాబిస్తోందని నా దగ్గరికి వచ్చిన జూనియర్లు చాలామందే.

పైథాన్ వాళ్లకు మూడు సెమాఫోర్లు ఉన్నాయి: థ్రెడింగ్‌లో, మల్టీప్రాసెసింగ్‌లో, ఎసింక్‌ఐఓలో. ఒకదాని చోట ఇంకొకటి పనిచేయదు. ఎసింక్‌ఐఓది థ్రెడ్ల మధ్య వాడటానికి కాదు. మల్టీప్రాసెసింగ్‌లో లాకో సెమాఫోరో పట్టుకున్న ప్రాసెస్‌ను టెర్మినేట్ చేస్తే మిగతావి డెడ్‌లాక్ కావచ్చని డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. చాలామందికి అసలు సెమాఫోరే అక్కర్లేదు. ప్రాసెస్ పూల్ ఎగ్జిక్యూటర్‌కు 4 వర్కర్లని చెబితే అదే పరిమితి. వర్కర్ హఠాత్తుగా చస్తే బ్రోకెన్ ప్రాసెస్ పూల్ అని ఎర్రర్ ఇస్తుంది, ఊరికే వేలాడదు.

జావా బ్యాకెండ్ వాళ్లు ఎక్వైర్ కన్నా గడువుతో కూడిన ట్రై ఎక్వైర్ వాడండి. రెండు సెకన్లలో చోటు దొరక్కపోతే 'ఇప్పుడు కుదరదు' అని చెప్పేయడం, వెయ్యి రిక్వెస్టుల్ని క్యూలో నిలబెట్టి అందరినీ విసిగించడం కన్నా మేలు.

ఎంబెడెడ్ వాళ్లకు ఫ్రీఆర్‌టాస్ (చిన్న పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) ఈ గీతను బాగా గీసింది. మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఉంది, ఇంటరప్ట్ లోపల వాడకూడదు. బైనరీ సెమాఫోర్‌కు అది లేదు, ఇంటరప్ట్ నుంచి ఇవ్వొచ్చు. ఇంటరప్ట్ వచ్చిందని టాస్క్‌కు చెప్పడానికి సెమాఫోర్, పంచుకునే ఎస్‌పీఐ బస్‌కు మ్యూటెక్స్.

## ఎంచుకున్నాక రెండు నిమిషాల పరీక్ష

పరిమితి నిండేదాకా ప్రాసెస్‌లను నడపండి. ఒకటి అదనంగా నడిపి అది ఆగిందని చూసుకోండి. ఇప్పుడు లోపల ఉన్నవాటిలో ఒకదాన్ని కిల్ మైనస్ 9తో చంపండి. ఆగినది లోపలికి వెళ్తే మీ ఎంపిక నిలబడింది.

మేము చివరికి నాలుగు లాక్ ఫైళ్లకు మారాం. అప్పటికి పీడీఎఫ్ మార్పిడిని వేరే ప్రోగ్రామ్‌కు అప్పగించి, మా వర్కర్ దాన్ని చైల్డ్ ప్రాసెస్‌గా నడిపేలా చేశాం. పరీక్ష పెడితే ఐదోది లోపలికి వెళ్లలేదు! అరగంట తల పట్టుకున్నాక అర్థమైంది: నేను చంపింది వర్కర్‌ను. దాని చైల్డ్ ఇంకా నడుస్తోంది, తెరిచిన లాక్ ఫైలు దానికి వారసత్వంగా వచ్చింది, కాబట్టి లాక్ ఇంకా ఉంది. ఎగ్జెక్ (చైల్డ్‌లో కొత్త ప్రోగ్రామ్‌ను ఎక్కించే కాల్) సమయంలో ఫైలు మూసే జెండా ఒక్కటి పెడితే ఇది పోతుంది. పెట్టబోయి ఆగాను. మెమరీ తినేది ఆ చైల్డే. అది బతికి ఉన్నంతసేపు ఆ చోటు నిండి ఉన్నట్టే లెక్క. జెండా పెట్టకుండా, ఎందుకు పెట్టలేదో మూడు లైన్ల కామెంట్ రాసి వదిలేశాను.